మిర్చి యార్డు గుమాస్తా తీర్చాల్సిన బాకీ

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ కథ చదివాను. కాటా దగ్గర ఘట్టం బాగుంది. తేమ వంకతో టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, 2 కిలోలు తరుగు తీసే గుమాస్తాను కళ్లకు కట్టావు. ఆ తర్వాతే నాకు కోపం వచ్చింది. ఉపవాస ప్రార్థనలో ఏడ్చాడు, కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నాడు, కానుకల సంచిలో 5,000 వేశాడు, కథ అయిపోయింది. మరి ఆ పల్నాడు రైతు మిరపకాయల మాటేమిటి?

లెక్క వెయ్యి. 100 టిక్కీలకు 2 క్వింటాళ్లు. క్వింటా 10,000 అనుకున్నా 20,000. లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం అసలుకు అయిదో వంతు కలిపి సొంతదారుడికే ఇవ్వాలి, అంటే 24,000. లూకా సువార్తలో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి మాటిచ్చినట్టు నాలుగంతలైతే 80,000. గుమాస్తా జీతంలో అది ఎక్కణ్ణుంచి వస్తుంది? భార్య మెళ్లో గొలుసా, కూతురి కాలేజీ ఫీజా? నీ కథంతా అక్కడుంది. నువ్వు దాన్ని దాటేసి సంచిలో నోట్లు వేయించావు. అవి రైతు నోట్లు. సహోదరుడికి నీ మీద విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో యేసే చెప్పాడు.

ఇక్కడ జాగ్రత్త. డబ్బు తిరిగిచ్చి రక్షణ కొనుక్కున్నట్టు రాయకు. జక్కయ్య ఒక్క కాసు ఇవ్వకముందే ప్రభువు అతన్ని పేరు పెట్టి పిలిచాడు, మేడిచెట్టు దిగమన్నాడు, ఇవాళ మీ ఇంట్లో ఉంటానన్నాడు. ఇవ్వడం ఆ తర్వాతి మాట. విమోచన క్రయధనం, అంటే పాపం నుంచి విడిపించే వెల, సిలువ మీద చెల్లిపోయింది. గుమాస్తా తీర్చేది రైతు బాకీ. ఈ రెండు ఖాతాలూ కలిపావంటే కృప మాయమై గొప్పలు మిగులుతాయి.

అతనిది లూథరన్ కుటుంబమని నువ్వే రాశావు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి ఉన్న సంఘం అది. ఆ ఇళ్లలో పసిబిడ్డకే నీళ్లతో బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక మళ్లీ ఇవ్వరు. నదిలో ముంచాలనుకుంటే అతన్ని వేరే సంఘంలోకి మార్చు. నన్నడిగితే లూథరన్‌గానే ఉంచు. 1529 నాటి చిన్న కేటకిజంలో, అంటే ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలో, లూథర్ బాప్తిస్మానికి చెప్పిన అర్థం నీ కథకు ప్రాణం: లోపలి పాత ఆదాము, అంటే మనలోని పాప స్వభావం, పశ్చాత్తాపంతో రోజూ మునిగి చావాలి, కొత్త మనిషి రోజూ లేవాలి. దొంగిలవద్దన్న ఆజ్ఞ కింద మోసపు సరుకు, మోసపు బేరం కూడా వస్తాయంటాడు. అంతటితో ఆగడు, పొరుగువాడి ఆస్తి వృద్ధి అయ్యేలా సాయపడమంటాడు. కాబట్టి సోమవారం పొద్దున యార్డులో అతను తరుగు తీయకుండా తూకం రాసినప్పుడు కమీషన్ వ్యాపారి ముఖం ఎలా ఉందో రాయి. ఉద్యోగం పోతే పోనీ.

క్రిస్మస్ ప్రత్యేక సంచికల వాళ్లకి ఇది నచ్చదు. కాసిని కన్నీళ్లు, చివర ఒక బైబిలు వాక్యం ఉంటే వాళ్లకి చాలు. సాహిత్య పత్రికల వాళ్లది ఇంకో రకం. వాక్యం కనబడితే మతప్రచారమని తిప్పి పంపుతారు, అదే కర్మ అని రాస్తే జీవితసత్యమని వేసుకుంటారు. ఏళ్ల తరబడి ఇదే వరస. ఈ ఇద్దరి కోసమూ రాయకు. కలం పేరు సంగతీ పోటీల సంగతీ తర్వాత.

తిరగరాసేటప్పుడు పాత పట్టీల దగ్గర, అంటే రైతు సరుకు అమ్మిన లెక్క చీటీల దగ్గర, మొదలుపెట్టు. రైతు పేరు, ఊరు, టిక్కీల లెక్క వాటిలోనే దొరుకుతాయి. ఆ రైతు చనిపోయి ఉంటే? సంఖ్యాకాండం 5 చూడు. తీసుకోవడానికి దగ్గరి బంధువు లేనప్పుడే ఆ సొమ్ము యాజకుడికి చెందుతుంది. అందుకని పాస్టరుగారి చేతిలో పెట్టి వచ్చేస్తే కుదరదు, ఊరెళ్లి కొడుకునో తమ్ముణ్ణో వెతకాలి. ఆ కొడుకు డబ్బు తీసుకుని తలుపు వేసుకోవచ్చు, నలుగురిలో తిట్టొచ్చు, ఇన్నేళ్ల వడ్డీ ఏదని అడగొచ్చు. క్షమించేశాడని మాత్రం ఒక్క పేజీలో తేల్చెయ్యకు. ఆ ఊరి భాగం రాశాక నాకు పంపు.

ప్రభువు ప్రేమలో,
మీ అన్నయ్య
బ్రాడీపేట, గుంటూరు