ఒకరినొకరా, ఒకరికొకరా?

సందేహం: మాది నరసాపురం దగ్గర పల్లె. మా సంఘంలో స్త్రీల కూడికకు ఫ్లెక్సీ వేయిస్తూ, బైబిల్లోని హెబ్రీ పత్రిక 10:24-25లోని ‘ఒకనినొకడు హెచ్చరించుచు’ అన్న మాటల ఆధారంగా ‘ఒకరికొకరు ప్రోత్సహించుకుందాం’ అని రాయించబోయాం. అది తప్పనీ, గ్రంథంలో ఉన్నట్టు ‘ఒకనినొకడు’ అనే ఉండాలనీ సంఘపెద్ద ఒకరు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యంలో తప్పున్న మాట నిజమే గాని, అది ఆ పెద్దాయన చూపిన చోట లేదు. ఇటువంటి జంటమాటల్లో మొదటి ‘ఒకరు’కు ఏ విభక్తి చేరాలో నిర్ణయించేది వాక్యం చివరి క్రియ. ప్రోత్సహించడం, ఆదరించడం, పలకరించడం ‘ఎవరిని’ అని అడిగే క్రియలు కనుక ‘ఒకరినొకరు ప్రోత్సహించుకుందాం’ అనాలి. సాయం చేయడం, ధైర్యం చెప్పడం ‘ఎవరికి’ అని అడుగుతాయి కనుక అక్కడ ‘ఒకరికొకరు’ ఒప్పు. ఇందుకు మీ తెలుగు బైబిలే సాక్ష్యం: 1 థెస్సలొనీకయులకు 5:11లో ‘ఒకనినొకడు ఆదరించి యొకనికొకడు క్షేమాభివృద్ధి కలుగజేయుడి’ అని రెండు విభక్తులూ ఒకే వాక్యంలో, దేని క్రియకు తగినట్టు అది, పక్కపక్కనే కనిపిస్తాయి. యాకోబు 5:16లో పాపాలు ఒప్పుకోవడానికి ‘ఒకనితోనొకడు’, ప్రార్థనకు ‘ఒకనికొరకు ఒకడు’ వాడారు.

క్రియకు ‘కొను’ చేరే తీరు కూడా గమనించదగినది. నేటి వాడుకలో ‘ఒకరినొకరు’, ‘ఒకరికొకరు’ వచ్చినప్పుడు క్రియ సాధారణంగా ‘పలకరించుకున్నారు’, ‘సాయం చేసుకున్నారు’ అని ‘కొను’తోనే నిలుస్తుంది. గలతీయులకు 6:2లోని ‘ఒకని భారముల నొకడు భరించి’ అన్న మాటలను వాడుకభాషలో చెప్పవలసివస్తే మాత్రం ‘ఒకరి భారాలు ఒకరు మోయండి’ అనడమే మేలు. ‘మోసుకోండి’ అంటే ఎవరి బరువు వారే మోసుకోమన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. ‘ప్రార్థన చేసుకుందాం’ అని కూడికల్లో అనడం సహజమే గాని, మంచాన పడిన సహోదరి ఇంటికి వెళ్లినప్పుడు ‘ఈమె కోసం ప్రార్థన చేద్దాం’ అనడమే నా చెవికి ఇంపుగా ఉంటుంది.

ఇక ‘ఒకడు’ సంగతి. స్త్రీపురుషులను కలిపి చెప్పేటప్పుడు పుంలింగ ఏకవచనం వాడడం పాత గ్రాంథికంలో పరిపాటి. అయితే అదే అనువాదంలో యోహాను 13:34 ‘మీరు ఒకరి నొకరు ప్రేమింపవలెనని’ అంటోంది కనుక, ‘ఒకరు’ గ్రంథంలో లేని మాట అనడానికి వీల్లేదు. వచనాన్ని వచనంగా ఉదహరిస్తే ఉన్నది ఉన్నట్టే రాయండి. మీ మాటగా రాసుకునేటప్పుడు, అందులోనూ స్త్రీల కూడికకు, ‘ఒకనినొకడు’ అని పట్టుబట్టడం అనవసరం.

‘హెచ్చరించు’ను మార్చడం మంచిదే. ఆ మాటకు గుర్తుచేయడం, జాగ్రత్త చెప్పడం అనే అర్థాలు ఉన్నా నేటి చెవికి బెదిరింపే ముందు తడుతుంది. ఆ వచనం మాట్లాడుతున్నది మాత్రం కూడుకోవడం మానకుండా, ప్రేమకూ సత్కార్యాలకూ పురికొల్పుకోవడం గురించి.

ఫ్లెక్సీలో ‘ఒకరికొకరు’ అన్న మాటే ఉంచాలనుకుంటే క్రియను మార్చండి: ‘ఒకరికొకరు ధైర్యం చెప్పుకుందాం’. మీ వైపు ఆడవాళ్లు మాటల్లో ‘ఒకళ్లకొకళ్లు ధైర్యం చెప్పుకున్నాం’ అనేది కూడా ఈ పద్ధతిలోనే.