టార్గెట్ ప్రాక్టీస్‌కి .22 రైఫిల్, తూటాలు ఎలా ఎంచుకోవాలి?

50 మీటర్ల టార్గెట్‌కి కచ్చితంగా తగిలే .22 (సుమారు 0.22 అంగుళాల గొట్టం ఉన్న) రైఫిల్ ఏది, ఏ తూటాలు వాడాలి అని అడిగారు. రైఫిల్ సంగతి సులువే: బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకు చేత్తో బోల్ట్ లాగి మూసే రకం), కాస్త బరువైన బారెల్ (గొట్టం), తేలిగ్గా నొక్కగలిగే ట్రిగ్గర్. సీజెడ్ 457 లాంటి మోడల్ చాలు, మొదట్లోనే ఆన్‌షుట్జ్ లాంటి ఖరీదైన పోటీ రైఫిల్ అక్కర్లేదు.

అసలు తేడా తూటాల్లో ఉంది. అంతర్జాతీయ 50 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే మరి! ‘హై వెలాసిటీ’వి వద్దు. అవి ధ్వని వేగాన్ని (సెకనుకు సుమారు 340 మీటర్లు) దాటి బయల్దేరి, దారిలో ఆ వేగానికి పడిపోతాయి. అక్కడే బుల్లెట్ కుదుపుకు లోనవుతుంది. సెకనుకు 325 మీటర్ల దగ్గర నడిచే, 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) బుల్లెట్ ఉన్న ‘స్టాండర్డ్ వెలాసిటీ’ తూటాకు ఆ గొడవ లేదు.

ఒక్కో బారెల్‌కు ఒక్కో రకం తూటా నప్పుతుంది. నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా కొని, రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కోదానితో ఐదేసి రౌండ్ల చొప్పున మూడు నాలుగుసార్లు కాల్చి చూడండి. రకం మార్చాక మొదటి పది రౌండ్లు లెక్కపెట్టకండి. బారెల్‌లో పాత తూటాల మీది మైనం పూత పోయి కొత్తది పట్టాలి. రంధ్రాలు దగ్గరగా పడిన రకాన్ని, పెట్టె మీది లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన వాటికిచ్చే సంఖ్య) చూసి, అదే లాట్‌లో ఎక్కువ కొనండి.