మిక్సీ జోలికి పోకండి

నవంబరు వచ్చిందంటే, అక్కడి పెద్ద పండుగ థ్యాంక్స్‌గివింగ్ విందు కోసం, అమెరికా నుంచి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి అందరి బెంగా మ్యాష్డ్ పొటాటో మీదే, అంటే ఉడికించి వెన్న, పాలు కలిపి మెత్తగా మెదిపిన బంగాళాదుంప. హోటల్ వంటగదిలో కాంటినెంటల్ విభాగానికి కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదట అప్పగించే పని అది. నాకూ అదే అప్పగించారు. కనుక ఈ విషయంలో కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: థ్యాంక్స్‌గివింగ్ విందుకు పొరుగింటి అమెరికన్ కుటుంబం మమ్మల్ని పిలిచింది. మ్యాష్డ్ పొటాటో మీరు తెస్తే బాగుంటుందన్నారు. ముందుగా చేసి చూద్దామని ఉడికించిన దుంపలను మిక్సీలో వేస్తే బంకలా సాగింది. పది మందికి ఎలా చేయాలి? మేం శాకాహారులం.
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: దుంపలది తప్పు కాదమ్మా, మిక్సీది. ఉడికిన దుంపలో గంజి అంతా చిన్న చిన్న కణాల్లో ఉబ్బి ఉంటుంది. ఆ కణాలు చిట్లకుండా ఒకదాని నుంచి ఒకటి విడిపోతే మనకు కావలసిన మెత్తదనం వస్తుంది. మిక్సీ బ్లేడు వాటిని కోసిపారేస్తుంది. లోపలి గంజి బయటపడి జిగురు కడుతుంది. అలా సాగిన తర్వాత ఎన్ని పాలు పోసినా, ఎంత వెన్న వేసినా బాగుపడదు. పప్పుగుత్తితో కూడా మరీ ఎక్కువసేపు ఎనపకూడదు. మీగడలాంటి నునుపు మీగడ పోసినందువల్ల రాదు, దుంపను నలిపే తీరు వల్ల వస్తుంది. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా తేలిక.

మీ దగ్గర అయిదు పౌండ్ల సంచి దొరుకుతుంది. సుమారు 2.25 కిలోలు, పది మందికి సరిపోతుంది. రసెట్ దుంప పొడిపొడిగా ఉడికి, పాలనూ వెన్ననూ బాగా పీల్చుకుంటుంది. పసుపురంగు యూకాన్ గోల్డ్ మధ్యరకం. కెనడాలోని గ్వెల్ఫ్‌లో తయారుచేసి 1980లో విడుదల చేశారు. రుచి దానిదే పైచేయి. నేనైతే రెండూ సగం సగం తీసుకుంటాను. ఎర్రతొక్క దుంపలు మాత్రం వద్దు, అవి వేపుడుకు బాగుంటాయి.

చెక్కు తీసి, అన్నీ ఒకే పరిమాణంలో పెద్ద ముక్కలుగా కోయండి. రెండుసార్లు కడిగితే పైపైన అంటుకున్న గంజి పోతుంది. చల్లటి నీళ్లలో వేసి, రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి, అప్పుడు పొయ్యి వెలిగించండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల పలుకు మిగులుతుంది. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట తగ్గిస్తే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. చాకు గుచ్చితే అడ్డు తగలకుండా దిగాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. నీళ్లు వంచేసిన వెంటనే మెదపకండి. ముక్కలను మళ్లీ అదే వేడి గిన్నెలో వేసి, సన్నటి సెగ మీద రెండు నిమిషాలు కుదపండి. ఆవిరి తగ్గి, ముక్కల అంచులు తెల్లగా పొడిబారినట్టు కనిపిస్తాయి. నీరు ఎంత పోతే వెన్నకూ పాలకూ అంత చోటు.

వేడి మీదనే, ఉడికిన దుంపను సన్న రంధ్రాల్లోంచి నొక్కి దించే రైసర్‌లో నొక్కండి. ముందు వెన్న, తర్వాత పాలు. ఈ వరస మార్చకండి. వెన్నలోని కొవ్వు గంజికి పూత పడుతుంది కాబట్టి ఆ తర్వాత పోసిన పాలు దాన్ని జిగురుగా మార్చలేవు. మీ లెక్కకు వెన్న రెండు కడ్డీలు, అంటే సుమారు 225 గ్రాములు. పాలు 400 మిల్లీలీటర్ల వరకు పడతాయి. అవి వేడిగా ఉండాలి. ఒకేసారి కుమ్మరించక కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క గరిటెతో కలపండి. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి. తెల్ల మిరియాల పొడి ఉంటే మంచిది, నల్లదైనా తప్పేమీ లేదు.

వాళ్లింటికి మోసుకెళ్లాలి కదా, మూత ఉన్న గిన్నెలో పెట్టి తీసుకెళ్లండి. వేడినీళ్ల గిన్నె మీద ఈ గిన్నెను ఉంచి, అరకప్పు వేడి పాలు కలిపితే మళ్లీ వదులవుతుంది. ఇంకొక మాట. బల్ల మీద ఉండే గ్రేవీ సాధారణంగా టర్కీ కోడి నుంచి కారిన రసంతో చేస్తారు. కొందరు దుంపలను కూడా చికెన్ స్టాకులో, అంటే కోడిని మరిగించిన రసంలో, ఉడికిస్తారు. మ్యాష్ మీరే చేస్తున్నారు కాబట్టి దాని సంగతి మీ చేతిలోనే ఉంది. గ్రేవీ కూడా మీరే చేసుకెళ్లండి. ఉల్లిపాయను ఎర్రగా వేయించి, పుట్టగొడుగులు వేసి నీరు ఇగిరేదాకా ఉంచి, ఒక చెంచా మైదా చల్లి వేయించి, నీళ్లు పోసి మరిగించి, మిరియాలు దట్టంగా వేయండి. టర్కీ తినేవాళ్లూ దీన్ని వేసుకుంటారు, చూస్తుండండి.

ప్రశ్న: మార్కెట్లో దుంపలన్నీ ఒకేలా కనిపిస్తాయి. మ్యాష్‌కు ఏవి మంచివో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సంచి మీద రకం పేరు ఉండదు, అమ్మేవాణ్ని అడిగితే ‘ఆగ్రా దుంప’ అంటాడు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసే రకాలకు కుఫ్రీ అనే పేరు ముందుంటుంది. కుఫ్రీ సిమ్లా దగ్గరి ఊరు. కుఫ్రీ చంద్రముఖి, చిప్స్ కోసం తయారుచేసిన కుఫ్రీ చిప్సోనా పొడిగా ఉడుకుతాయి. కుఫ్రీ పుఖ్రాజ్‌లో నీరు ఎక్కువ. పేరు తెలియకపోతే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఒక గ్లాసు ఉప్పును పదకొండు గ్లాసుల నీళ్లలో కరిగించి దుంపను వదలండి. మునిగితే గంజి ఎక్కువ ఉన్నది, మ్యాష్‌కు పనికొస్తుంది. తేలితే కూరకు ఉంచుకోండి. గోరు తగిలితే తొక్క ఊడివచ్చే కొత్త దుంపలకు ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, అవి మ్యాష్‌కు రావు.

ప్రశ్న: రైసర్ కోసం డబ్బు పెట్టడం ఇష్టం లేదు. ఇంకేదైనా ఉపాయం చెప్పండి.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: జంతికల గొట్టం ఉంది కదమ్మా! సన్న కారప్పూస బిళ్ల వేసి, ఉడికిన ముక్కలు నింపి నొక్కండి. రైసర్ చేసేది కూడా ఇదే. ఇత్తడిదైతే మరీ మంచిది, చేతికి పట్టు దొరుకుతుంది. దుంప చల్లారితే మాత్రం మీ భుజం పట్టేస్తుంది, నేను బాధ్యుణ్ని కాను. ఉడికించడానికి ఇడ్లీపాత్ర వాడండి. ఆవిరి మీద ఉడికితే దుంప నీళ్లు పీల్చుకోదు.

ప్రశ్న: హోటల్లో తిన్న రుచి ఇంట్లో రావడం లేదు. వెన్న బదులు నెయ్యి వేస్తున్నాను. ఆవాలు, కరివేపాకు తాలింపు పెడితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: హోటల్ రుచి అంటే వెన్న, అంతే. ఫ్రాన్సులో జోయెల్ రోబుషాన్ అనే వంటవాడు 1981లో పారిస్‌లో తెరిచిన జామిన్ రెస్టారెంటులో ఆలుగడ్డ ప్యూరీతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క కిలో దుంపలకు పావుకిలో వెన్న. మీరు అంత వేయనక్కర్లేదు. కిలోకు వంద గ్రాములు వేసినా మొహం వెలుగుతుంది.

నెయ్యి సంగతి వేరు. వెన్నలో కొవ్వుతో పాటు నీరూ ఉంటుంది, ఆ రెండూ కలిసే ఉండటం వల్ల దుంపలో ఇట్టే ఇమిడిపోతుంది. కాచిన నెయ్యిలో నీరు ఉండదు, విడిగా తేలి జిడ్డుగా తగులుతుంది. ఇంట్లో చిలికిన వెన్న అయితే భేషుగ్గా ఉంటుంది, ఆ కాస్త పులుపు దుంపకు నప్పుతుంది. ఉప్పు కలిపిన ప్యాకెట్ వెన్న వాడితే ఉప్పు తగ్గించడం మరవకండి.

తాలింపా? పెట్టుకోండి, రుచిగానే ఉంటుంది, కానీ అప్పుడది కూర. మ్యాష్ పక్కన ఉండవలసినది. ఆవకాయ ముందు ముద్దపప్పులా అది ఘాటైన దానికి చోటిచ్చి తాను చప్పగా ఉండాలి. మీకు ఘాటు కావాలంటే పక్కన మిరియాల కోడివేపుడు పెట్టుకోండి, లేదంటే అల్లం-వెల్లుల్లితో కాల్చిన పనీర్.

ప్రశ్న: డబ్బాలో దొరికే దుంపల పొడిలో వేడినీళ్లు పోస్తే మ్యాష్ అవుతుందంటున్నారు. అది జిగురుగా ఎందుకు మారదు?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మంచి ప్రశ్న. 1950లలో ఫిలడెల్ఫియా దగ్గరి అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో దీనికి దారి కనిపెట్టారు. దుంప ముక్కలను సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లార్చి, ఆ తర్వాతే మెత్తగా ఉడికిస్తారు. మొదటి వేడికి ఉబ్బిన గంజి చల్లారినప్పుడు గట్టిపడుతుంది, కణాల గోడలు కూడా బలపడతాయి. తర్వాత ఎంత నలిపినా అంత సులువుగా బంక కట్టదు. థర్మామీటరు ఉంటే ఇంట్లోనూ చేయవచ్చు. పెద్ద విందుకు నేను ఇలాగే చేస్తాను, ఎందుకంటే సహాయానికి వచ్చేవాళ్లు ఎంతసేపు కలుపుతారో మన చేతిలో ఉండదు. పొడి విషయానికి వస్తే, ప్రయాణంలో పనికొస్తుంది. అతిథులకు పెట్టకండి.

ప్రశ్న: మిగిలిన మ్యాష్‌తో బోండాలు వేస్తే నూనెలో విచ్చిపోయాయి.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పాలూ వెన్నా ఉన్నది కదా, విచ్చిపోక ఏం చేస్తుంది? గోధుమపిండిలో కలిపి, నీళ్లు పోయకుండా తడిపి చపాతీలు చేయండి, మర్నాటికీ మెత్తగా ఉంటాయి. లేదా ఉల్లికాడలు వేయించి, మ్యాష్ వేసి, పాలూ నీళ్లూ పోసి పలుచన చేస్తే సూప్ తయారు. ఫ్రిజ్‌లో మాత్రం రెండు మూడు రోజులకు మించి ఉంచకండి.