రేడియో పాడ్‌కాస్ట్‌లతో ఇంగ్లిష్ నేర్పడం ఎలా?

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడానికి రేడియో పాడ్‌కాస్ట్‌లు పనికొస్తాయా అని అడిగారు. తప్పకుండా పనికొస్తాయి, కానీ ఊరికే వినిపిస్తే చాలదు. బీబీసీ వారి 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' తీసుకోండి. మొదట్లో ఒక ప్రశ్న అడిగి, జవాబు చివర్లో చెబుతారు. ప్రశ్న దగ్గర ఆపి పిల్లల చేత జవాబు ఊహింపజేయండి. ఇక దానికోసమైనా చెవులు రిక్కించి వింటారు.

కార్యక్రమంలోని మాటలన్నీ రాసి ఉండే రాతప్రతి (ట్రాన్స్‌క్రిప్ట్) మాత్రం ముందే చూపించొద్దు. అయితే, చదివితే తెలిసే మాట కూడా వింటే అర్థం కాక పిల్లలు టెన్షన్ పడతారు. కారణం, మాట్లాడేటప్పుడు పదాలు కలిసిపోవడం: 'వాట్ డు యు' కాస్తా 'వడ్యు' అవుతుంది. మన సంధి లాంటిదే అని చెప్తే ఇట్టే పట్టుకుంటారు. అలాంటి ఒక్క వాక్యాన్నే నాలుగైదుసార్లు వినిపించి, రాయించి, అప్పుడు రాతప్రతితో సరిచూసుకోనివ్వండి. మరీ కొత్తవాళ్లకైతే, వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన 'స్పెషల్ ఇంగ్లిష్' లాగా నెమ్మదిగా చదివే కార్యక్రమాలు నయం.