డబ్బా మీద 4కే, మాన్యువల్‌లో మెలిక

ప్రశ్న: మే నెలలో మా చెల్లి పెళ్లి. 80 వేల లోపు ఫోటోలకూ వీడియోకూ పనికొచ్చే కెమెరా కొనాలి. పాతదాన్ని మెమరీ కార్డుతో సహా అమ్మేస్తున్నాను. ఏ మోడల్ మంచిది?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మోడల్ పేరు అడిగేవాళ్లే తప్ప ఏం తీస్తారో చెప్పేవాళ్లు తక్కువ. మీరు పెళ్లి అని చెప్పారు, సంతోషం. పెళ్లికూతురి అన్నకు కెమెరా పట్టుకునే తీరిక ఎలా దొరుకుతుందన్నది వేరే సంగతి.

పేరు చెప్పను. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు, మధ్యస్థ సైజు) ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఏదైనా ఆల్బమ్‌కు సరిపోతుంది. తేడాలన్నీ వీడియోలో బయటపడతాయి. వాటిని డబ్బా మీద ఎవరూ అచ్చువేయరు.

కొన్ని కెమెరాల్లో 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లుండే వీడియో) పెట్టగానే సెన్సర్ మధ్య భాగమే పనిచేస్తుంది. ఫోటోలో మండపమంతా పట్టిన లెన్సు వీడియోలో పెళ్లికూతురి నుంచి పురోహితుడి దాకా చూపించి ఊరుకుంటుంది. వెనక్కి జరుగుదామంటే బంధువుల కుర్చీలు. అందుకే దుకాణంలోనే కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, ఫోటో నుంచి 4కే వీడియోకు మార్చి చూడండి. ఎదుటి గోడ తెరలో ఒక్కసారిగా దగ్గరికొస్తే ఇంకొకటి చూపించమనండి.

పాత మోడళ్లలో కొన్ని 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. అరగంట ఏకబిగిన రికార్డు చేయగలిగినదాన్ని ఐరోపా సమాఖ్యలో వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు. అక్కడి సుంకానికి భయపడి పెట్టిన కత్తెర ఇక్కడ మన జీలకర్ర-బెల్లం మీద పడింది. కొత్తవాటిలో చాలావరకు ఆ పరిమితి లేదు కానీ వేడి సమస్య ఉంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని మాన్యువళ్లు సాధారణంగా చెబుతాయి. మే మధ్యాహ్నం మీ ఊళ్లో నీడపట్టునే అది దాటుతుంది. ఫ్యాన్ లేని చిన్న కెమెరాతో ఆపకుండా 4కే తీస్తే సరిగ్గా ముహూర్తానికి హెచ్చరిక గుర్తు వెలిగి అది ఆగిపోవచ్చు. చల్లటి గదుల్లో పరీక్షించి మన వేసవి పెళ్లిళ్లకు అమ్మేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. తెరను కెమెరాకు దూరంగా తిప్పి ఉంచండి, మధ్యమధ్య విరామం ఇవ్వండి. ఊరేగింపుకు ఫుల్ హెచ్‌డీ చాలు.

ఫంక్షన్ హాల్ లైట్ల కింద నల్లటి చారలు పాకుతున్నాయని కూడా తరచూ రాస్తున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు దాని లయలోనే కంటికి తెలియకుండా మినుకుతాయి, కెమెరా లయ కలవకపోతే చారలు. మెనూలో పాల్ (PAL, 50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతి) ఎంచుకుని, సెకనుకు 25 ఫ్రేములు, షటర్ వేగం 1/50 సెకను పెడితే చాలావరకు పోతాయి.

ఇక నన్ను కంగారు పెట్టింది మీ ఉత్తరంలోని రెండు మాటలు: ‘కార్డుతో సహా’. నిరుడు నేనూ ఒక పాత కెమెరా కొన్నాను. 32 జీబీ కార్డు ఉచితంగా వచ్చింది. చూస్తే ఖాళీ. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికాను. ముందు ఎవరింట్లోనో బారసాల, పూలు చుట్టిన ఉయ్యాల. తర్వాత ఆధార్ కార్డు ముందూ వెనకా, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. ఫార్మాట్ చేశానని అమ్మినాయన నాకు రెండుసార్లు చెప్పారు. నిజంగానే చేశారు. మామూలు ఫార్మాట్‌తో పోయేది విషయసూచిక మాత్రమే, పుస్తకం పేజీలు అలాగే ఉంటాయి. ఫోన్ చేసి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. కార్డు తిరిగి పంపించేశాను.

మీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఇవ్వక తప్పదంటే, ఫార్మాట్ చేసి, తిరుగుతున్న ఫ్యాన్‌ను కార్డు నిండేదాకా వీడియో తీసి, మళ్లీ ఫార్మాట్ చేయండి. కెమెరాలో మీ ఇంటి వైఫై పాస్‌వర్డు కూడా ఉండి ఉంటుంది. చాలా మోడళ్లలో మామూలు రీసెట్‌తో అది చెరగదు. నెట్‌వర్క్ రీసెట్ వేరే మెనూలో, ఎవరికీ కనబడని మూల ఉంటుంది. అక్కడ ఎందుకు దాచారో డిజైన్ చేసినవాళ్లకే తెలియాలి. కొనేవాళ్లు ఇంటికి రాకముందే అది వెతికిపట్టుకోండి.