మిషన్ సున్నా చూపిస్తుంది, స్టీరింగ్ మాత్రం ఊగుతుంది

బండి సందేహాలు: కర్నూలు నంద్యాల రోడ్డులో టైర్ల షాపు నడిపే మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, మాది జమ్మలమడుగు పక్కన పల్లె. డీజిల్ థార్ ఉంది. కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైర్లు తీసేసి, బండి రెండంగుళాలు లేపించి, 285/75 ఆర్16 మడ్ టైర్లు వేయించినా. గండికోట రాళ్ల దారి, పెన్న ఇసుక, చేన్ల గట్లు, అన్నీ ఎక్కేస్తోంది. కడప రోడ్డెక్కి 75 దాటితే మాత్రం స్టీరింగ్ చేతిలో నిలవదు. 95 దాటినాక కొంచెం నెమ్మదిస్తుంది. రెండు షాపుల్లో బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానం చేసే పని, చేయిస్తే రెండు చోట్లా మిషన్ బరువు తేడా సున్నా చూపించింది. ముందు ఎడమ చక్రానికి 180 గ్రాముల వెయిట్లు వేసినారు. టైరే చెడ్డదా? మార్చేయాల్నా?
– జమ్మలమడుగు పాఠకుడు

జవాబు: టైరు జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ, వాటికెంత పెట్టింటావో నాకు తెలుసు. ఒక వేగంలో మొదలై, ఇంకో వేగం దాటితే తగ్గే వణుకు చాలామటుకు చక్రానిదే. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు కింద ఊగితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే అది డిస్కు గొడవ. నువ్వు బండి లేపించినావు కాబట్టి ఇంకొకటి చూడాల. ఖాళీ రోడ్డు మీద 85లో పోతూ న్యూట్రల్ చేసి వదులు. వణుకు అట్లే ఉంటే చక్రమో, ఇంజిన్ వైపు నుంచి ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టో, న్యూట్రల్‌లో కూడా అది చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటుంది. బండి లేపితే ఆ షాఫ్ట్ కోణం మారుతుంది కాబట్టి దాన్నీ చూపించు. టక్కున ఆగితే చక్రం కాదు, ఇంజిన్ లాగేటప్పుడు వచ్చే గొడవ.

ఇప్పుడు ఆ సున్నా సంగతి. చక్రం మిషన్ మీద ఎట్ల కూర్చుంటే అట్లకే ఆ సున్నా. నీ బండి మీద అది వేరే తీరుగా కూర్చుంటే ఆ సున్నాకు విలువ లేదు. చిన్న కారు చక్రమైతే, దాన్ని మిషన్ మీద మధ్యకు బిగించే కోను కొంచెం అటూఇటూ అయినా సర్దుకుంటుంది. నీది అంత బరువు, అంత వెడల్పు ఉన్న చక్రం. కోను ముందువైపు నుంచి, అంటే క్యాప్ పెట్టే వైపు నుంచి దూర్చి బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. బండిలో చక్రం బిగించే హబ్బు మీద కూర్చునేది రిమ్ వెనకవైపు కోసిన రంధ్రం. కోను అక్కడే ఆనాల.

షాపులో నిలబడి ఈ పని చేయించు. మిషన్ సున్నా చూపించినాక, వెయిట్లు తీయకుండా నట్టు వదులు చేసి, చక్రాన్ని మిషన్ షాఫ్ట్ మీద అర చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమను. అప్పుడూ సున్నానో, 5 గ్రాములో వస్తే సరే. 30, 40 వచ్చిందంటే చక్రం మధ్యలో కూర్చోలేదన్నమాట, ఇంతకుముందు వేసిన వెయిట్లన్నీ దండగే. ఇది చెబితే కొందరు మొహం మాడ్చుకుంటారు. అట్లాంటి చోట చక్రం దించుకుని వచ్చేయ్.

రిమ్ వెడల్పు కూడా మిషన్లో ఊహకు కొట్టకుండా క్యాలిపర్‌తో కొలిచి కొట్టాల. నీ రిమ్ పాతదే, 7 అంగుళాలదే అయితే 285 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు అది చాలదు. కనీసం 7.5 ఉండాల. ఇంకొకటి: లోపలి అంచుకూ బయటి అంచుకూ విడివిడిగా లెక్క కట్టించు. వెడల్పు చక్రంలో బరువు తేడా పైకీ కిందికీ ఎగరేయడమే కాదు, పక్కలకు కూడా ఊపుతుంది. అందం చెడుతుందని వెయిట్లన్నీ ఒకే వరసలో లోపల అంటించేస్తే ఆ పక్కల ఊపు పోదు.

60 గ్రాములతో ఏమైతుందిలే అనుకుంటారు. నీ టైరు ఎత్తు దాదాపు 834 మిల్లీమీటర్లు. 85 వేగంలో అది సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. రిమ్ అంచున 60 గ్రాముల తేడా ఉంటే ఒక్కో చుట్టుకూ దాదాపు 4 కిలోల గుంజు పడుతుంది. అదే తేడా సగం వేగంలో 1 కిలోనే. అందుకే ఊర్లో తిరిగేటప్పుడు నీకేమీ తెలియడం లేదు.

180 గ్రాముల చక్రాన్ని మాత్రం విడిగా చూడాల. గాలి తీసి, బీడు, అంటే రిమ్‌లో కూర్చునే టైరు అంచు, వదిలించి, టైరును రిమ్ మీద అర చుట్టు తిప్పి ఎక్కించమను. కొన్ని కొత్త టైర్ల పక్కన పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు, వాల్వు పక్కకు రావాల. తిప్పినాక 180 కాస్తా 80కి దిగితే అంతకుముందు టైరు బరువూ రిమ్ బరువూ ఒకే పక్కన పడినట్టు. గాలి కొట్టేటప్పుడు బీడుకు సబ్బు నీళ్లు పూయాల. రిమ్ అంచుకు ఆనుకుని టైరు మీద సన్న గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది, దానికీ రిమ్‌కూ మధ్య ఎడం అంతటా ఒకే తీరుగా ఉందా చూడు. ఒకచోట మునిగి ఇంకోచోట తేలి ఉంటే బీడు సరిగ్గా కూర్చోలేదు. అట్లని 40 పీఎస్ఐ దాటి కొట్టి కూర్చోబెట్టనీయొద్దు, బీడు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

పెన్న ఇసుక అన్నావు కదా. ఇసుకలోకి దిగేటప్పుడు గాలి 18కో, 15కో తగ్గించింటావు. తక్కువ గాలిలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే రిమ్ తిరుగుతుంది కానీ టైరు దానితోపాటు పూర్తిగా తిరగదు, రిమ్ మీద జారుతుంది. అంతే, నువ్వు డబ్బులిచ్చి చేయించిన బ్యాలెన్సింగ్ పోయినట్టే. ఈసారి చేయించినాక టైరు మీద నుంచి రిమ్ మీదికి చాక్‌పీసుతో ఒక గీత గీసి పెట్టుకో. ఇసుకలో తిరిగి వచ్చినాక గీత రెండు ముక్కలై కనిపిస్తే మళ్లీ చేయించక తప్పదు.

ఇంత చేసినా ఊగితే టైరు గుండ్రంగా ఉందా చూడు. చక్రం జాకీ మీద లేపి, ఇటుక మీద చాక్‌పీసు కదలకుండా పెట్టి, టైరు మీది బటన్లకు తగిలీ తగలనట్టు ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పు. చుట్టూ గీత పడితే మంచిది. ఒక పక్కనే పడి, ఎదురు పక్క 3, 4 మిల్లీమీటర్లు ఎడం ఉంటే ఎన్ని వెయిట్లు వేసినా ఆ ఎత్తుపల్లాలు పోవు. ఆ తప్పు టైరుదా రిమ్‌దా అనేది టైరు తిప్పి ఎక్కిస్తేనే తేలుతుంది. అప్పటికీ టైరుదే అని తేలితే వారంటీ అడుగు.

ప్రశ్న: కోవెలకుంట్ల పక్కన వ్యవసాయం. వాన పడితే బొలెరోతో చేలోకి పోతాను. మరుసటి రోజు తారు రోడ్డు మీద బండి ఒకటే దడదడ. రెండు రోజులకు దానంతటదే పోతుంది. ఏమిటిది?
– కోవెలకుంట్ల రైతు

జవాబు: నల్లరేగడి అన్నా, ఇంకేం కాదు. రిమ్ లోపలి తొట్టిలో చేరి, రాత్రికి ఆరి, ఒకే పక్క గడ్డ కట్టుకుంటుంది. ఎండకు బీటలు వారి ఊడిపోయేదాకా దడదడ తప్పదు. బయట కడిగితే చాలదు, స్పోకుల సందుల్లోంచి చెయ్యి దూర్చి పాత చిప్పగరిటెతో గీకి తీయండి. మా షాపుకు వచ్చే ట్రాక్టర్ ట్రైలర్ చక్రాల నుంచి అరచేతి మందం పెళ్లలు తీస్తుంటాం. అంటించే వెయిట్లు కూడా ఈ మట్టి మీద నిలవవు. అక్కడ పెట్రోలుతో తుడిచి ఆరినాకే అంటించాల. బయటి అంచుకు కొట్టే క్లిప్పు వెయిట్లు రాళ్లకు ఎగిరిపోతాయి కాబట్టి మీ దారులకు లోపల అంటించేవే మేలు, బ్రేకుకు తగలకుండా చూసుకోండి.

ప్రశ్న: టైరు లోపల చిన్న పూసలు పోస్తే వెయిట్లతో పనే లేదంటున్నారు. నిజమా?
– డోన్ పాఠకుడు

జవాబు: పని చేస్తాయి, కాకపోతే అందరికీ కాదు. వేగం అందుకున్నాక పూసలు బరువుకు ఎదురు పక్కకు చేరి సర్దుకుంటాయి. ఎగిరే వణుకును తగ్గిస్తాయి కానీ పక్కల ఊపును అంతగా ఆపవు. నెమ్మదిగా పోయేటప్పుడు లోపల గలగలమంటాయి. వాల్వులో జల్లెడ ఉన్న పిన్ను వేయకపోతే గాలి తీసేటప్పుడు పూస ఇరుక్కుంటుంది. టైరు లోపల తడి ఉన్నా, పంక్చర్ జిగురు పోసి ఉన్నా ముద్ద కడతాయి. ఇక పంక్చర్ అయి టైరు విప్పినప్పుడు ఆ పూసలేరే ఓపిక మా కుర్రాళ్లకు లేదు. మిషన్ మీద ఎంతకూ కుదరని టైరుకైతే వేసుకో.

ప్రశ్న: నా బండికీ 245/75 తీసి 285/75 వేశారు. స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?
– అనంతపురం లెక్చరర్

జవాబు: తక్కువ చూపిస్తుందండీ. టైరు చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరిగింది. మీటరు మునుపు సరిగ్గా ఉండి ఉంటే, ఇప్పుడు 100 చూపించినప్పుడు మీరు 107 పైనే పోతున్నట్టు. గుత్తి రోడ్డులో స్పీడ్ గన్ పట్టుకుని నిలబడ్డాయన మీ మీటరు చూడడు. కిలోమీటర్లూ తక్కువే నమోదవుతాయి, కాబట్టి మైలేజీ పడిపోయిందని కంగారు పడేముందు ఆ 8 శాతం కలిపి లెక్క వేసుకోండి. స్టెప్నీ కూడా కొత్త సైజుదే పెట్టించుకోండి. పాత చిన్న చక్రాన్ని వెనక ఇరుసుకు వేసి ఎక్కువ దూరం నడిపితే ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్, వేడెక్కుతుంది.