పాముని చూసుకోమంటే టెన్షన్ దేనికి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఈ మధ్యే డాలస్ వెళ్లిన తమ్ముడి సందేహం: రూమ్మేట్ నెల రోజులు ఊరెళ్తూ తన బాల్ పైథాన్‌ని (పెంపుడు కొండచిలువ రకం) అప్పగిస్తున్నాడట. ఏం పెట్టాలి, ఎన్నిసార్లు?

సెలవుకి మల్కాజిగిరి వచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని ఈ జవాబు రాస్తున్నాను. దాని తిండి గడ్డకట్టించిన ఎలుకలే అనగానే, "ఫ్రీజర్లో ఎలుకలా? కూరల పక్కనేనా?" అని ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. కూరల పక్కన వద్దు తమ్ముడూ, మూతున్న డబ్బాలో విడిగా పెట్టు. గడ్డకట్టినా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో.

పెద్ద పాముకైతే రెండు వారాలకో ఎలుక చాలు. అంటే నీ నెలకు రెండే! పిల్ల పాముకి వారానికొకటి. పాము ఒంట్లో ఎక్కడ లావుగా ఉందో చూడు, ఎలుక లావు దాన్ని మించకూడదు. చికెన్ ముక్కలు వద్దు. ఎముకలతో సహా మొత్తం జంతువు కడుపులోకి వెళ్తేనే దానికి కాల్షియం అందుతుంది.

ముందురోజు రాత్రి ఎలుకను కవర్‌తో సహా ఫ్రిజ్ కింది అరలోకి మార్చు. మర్నాడు వేడి నీళ్లలో ఉంచి, పొట్టలో చల్లదనం పోయాక పట్టకారుతో అందించు. మైక్రోవేవ్ జోలికి పోకు, పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. బతికున్న ఎలుకను వదిలేస్తే, పాముకి ఆకలి లేనప్పుడు ఆ ఎలుకే పామును కొరుకుతుంది.

తిన్నాక రెండు రోజులు ఎత్తుకోవద్దు. పాముని పెంచిన మొదటి ఏడాది నేను ముద్దొచ్చి నా కార్న్ స్నేక్‌ని (ఇంకో పెంపుడు పాము రకం) తిన్న మర్నాడే చేతిలోకి తీసుకున్నాను. మొత్తం కక్కేసింది. మళ్లీ పెట్టడానికి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. పెట్టెలో వెచ్చటి వైపు 31, 32 డిగ్రీల సెల్సియస్ లేకపోయినా అరగదు.

తినకపోతే? కళ్లు పాలరంగులోకి మారితే కుబుసం విడవబోతోందన్నమాట, అప్పుడు ముట్టదు. చలికాలంలో బాల్ పైథాన్‌లు నెలల తరబడి పస్తుంటాయి. బరువు తగ్గనంత వరకు బతిమాలకు. మన ఇళ్లలో అతిథికి కొసరి వడ్డించినట్టు దానికి వడ్డించకూడదు.

అమ్మ నాగుల పంచమి పాల గురించి అడిగింది. పాలు పాముకి అరగవు, మంచినీళ్ల గిన్నె చాలు. ఇక్కడికి తిరిగొచ్చాక మన నాగుపామునో జెర్రిపోతునో పెంచుతానంటే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

రూమ్మేట్ బయల్దేరే ముందు, పాము చివరిసారి ఏ తేదీన తిన్నదో రాయించుకో. లీజు కాగితంలో పాములకు అనుమతి ఉందో కూడా చూసుకో.